అపార్ట్‌మెంట్ సంఘాలకు బహిరంగ లేఖ: నొప్పి పెట్టి నేర్పే కుక్కల శిక్షణను గేటు బయటే ఆపండి

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం నగరాల్లోని అపార్ట్‌మెంట్లు, గేటెడ్ కమ్యూనిటీల సంక్షేమ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కమిటీ సభ్యులకు నమస్కారం.

కుక్కల గొడవ రాని అసోసియేషన్ మీటింగు ఈ రోజుల్లో తక్కువ. లిఫ్టులో మీదికి ఎగబడిందని ఒకరు, పగలంతా మొరుగుతూనే ఉందని ఇంకొకరు, పార్కులో పిల్లాడి మీదికి దూకిందని మరొకరు ఫిర్యాదు చేస్తారు. వాట్సాప్ గ్రూపులో మాటా మాటా పెరుగుతుంది. ఆఖరికి కమిటీ ఒక సర్క్యులర్ పంపిస్తుంది, కుక్కలున్న ఫ్లాట్ల వాళ్లంతా వాటికి ట్రైనింగ్ ఇప్పించి తీరాలని. కొన్నిచోట్ల కమిటీయే ఒక ట్రైనర్‌ని మాట్లాడి ఆదివారం పొద్దున లాన్‌లో క్లాసులు పెట్టిస్తోంది. ఉద్దేశం మంచిదే. కానీ ఆ ట్రైనర్ సంచిలో ఏముందో, కుక్క తప్పు చేస్తే ఆయన ఏం చేస్తాడో అడిగే కమిటీలు చాలా తక్కువ.

మేము కుక్కలకు శిక్షణ ఇస్తూ, వాటి ప్రవర్తన సమస్యలు చూస్తూ ఉండేవాళ్లం. మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. చోక్ చైన్ (లాగితే మెడకు బిగుసుకునే గొలుసు), ముళ్ల కాలర్, షాక్ కాలర్ (మెడకు కరెంటు షాకిచ్చే పట్టీ), బెత్తం వాడి నేర్పిన కుక్క చూడ్డానికి అణిగిమణిగి ఉంటుంది. నలుగురు తిరిగే ఆవరణలో దానివల్లే ప్రమాదం ఎక్కువ. ఎందుకో, దాని బదులు ఏం చేయాలో, అందులో కమిటీ చేతిలో ఉన్నదేమిటో వివరంగా రాస్తున్నాం. కాస్త ఓపికగా చదవండి.

చోక్ చైన్‌తో నేర్పే తీరు చూడండి. కుక్క ముందుకు లాగగానే ట్రైనర్ గొలుసును చటుక్కున గుంజుతాడు. మెడ బిగుస్తుంది, కుక్క ఆగుతుంది, చూసేవాళ్లు నేర్చుకుందనుకుంటారు. ఆ క్షణంలో కుక్క చూపు ఎక్కడుందో ఎవరూ పట్టించుకోరు. ఎదురుగా సైకిల్ తొక్కుకుంటూ వస్తున్న పిల్లాడి మీద ఉంది. పిల్లాడు కనబడ్డాడు, మెడ నొప్పి పెట్టింది. ఇది పదే పదే జరిగితే సైకిల్ మీద పిల్లాడు వస్తే నొప్పి కూడా వస్తుందని దాని బుర్రలో పడిపోతుంది. లాగితే నొప్పి అని మనం నేర్పుతున్నామనుకుంటాం. అది నేర్చుకునేది వేరు. మొదట్లో పలకరిద్దామని తోకాడిస్తూ లాగిన కుక్కే కొన్నాళ్లకు సైకిల్ కనబడితే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు మళ్లీ గుంజుతారు. దాంతో గుర్రుమనడం మానేస్తుంది. అన్నిటికంటే చెడ్డ దశ ఇదే. దగ్గరికి రావద్దని కుక్క ఇచ్చే హెచ్చరిక ఆ గుర్రు. హెచ్చరిక పోయింది, లోపలి భయం అలాగే ఉంది. కొన్నాళ్లకు మీ దగ్గరికి ఫిర్యాదు వస్తుంది, ఏ సూచనా లేకుండా కరిచేసిందని. సూచనలివ్వడం దానికి మాన్పించింది మనుషులే.

షాక్ కాలర్‌లోనూ జరిగేది ఇదే. కాకపోతే రిమోట్ ఎవరి చేతిలో ఉందో కుక్కకు తెలియదు కాబట్టి ఆ క్షణంలో ఎదురుగా ఏది ఉంటే దాని మీద అనుమానం పెట్టుకుంటుంది. మొరిగితే దానంతట అదే షాకిచ్చే కాలర్లు ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతున్నాయి. పక్క ఫ్లాట్ కుక్క మొరుగుడుకు పొరపాటున షాకిచ్చే రకాలూ ఉన్నాయి. పగ్, షిట్జు లాంటి పొట్టి ముక్కు కుక్కలకు మామూలుగానే ఊపిరి కష్టం. వాటి మెడకు బిగుసుకునే గొలుసు వేయడం ఏ రకంగా చూసినా తప్పే.

ఇది మా అభిప్రాయం మాత్రమే అనుకోకండి. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పశువైద్యులు 140 మంది కుక్కల యజమానులను అడిగి 2009లో ప్రచురించిన అధ్యయనం ఉంది. కుక్కను కొట్టడమో తన్నడమో చేసిన యజమానుల్లో 43 శాతం మంది, వెల్లకిలా పడేసి అదిమిపెట్టిన వాళ్లలో 31 శాతం మంది కుక్క తిరగబడిందని చెప్పారు. పోర్చుగల్‌లో 92 కుక్కల మీద చేసి 2020లో ప్రచురించిన పరిశోధనలో, శిక్షలతో నేర్పే బడుల కుక్కల లాలాజలంలో క్లాసు తర్వాత కార్టిసోల్, అంటే ఒత్తిడి హార్మోన్, పెరిగింది. అదే ఏడాది బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం వాళ్లు 63 కుక్కలను మూడు గుంపులు చేసి చూస్తే, షాక్ కాలర్ వాడిన గుంపు బహుమతులతో నేర్చుకున్న గుంపు కంటే మెరుగ్గా ఏమీ నేర్చుకోలేదు. వేల్స్‌లో 2010 నుంచే షాక్ కాలర్లు నిషేధం. జంతువుల ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో అన్ని రకాల కుక్కలకూ, అన్ని రకాల సమస్యలకూ బహుమతి పద్ధతులే వాడాలని ప్రకటించింది. దూకుడు కుక్కలకు మినహాయింపు అని ఎక్కడా చెప్పలేదు.

"కుక్కకు మనమే బాస్ అని తెలియాలి, లేకపోతే నెత్తికెక్కుతుంది" అని మీ ట్రైనర్ అంటాడు. ఈ మాటకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త బోనులో ఉంచిన తోడేళ్ల మీద చేసిన పరిశీలన. ఎక్కడెక్కడి తోడేళ్లనో తెచ్చి ఒకచోట కుక్కితే అవి కొట్టుకున్నాయి. గుంపును అదుపులో పెట్టే నాయకుడు అనే అర్థంలో 'ఆల్ఫా' అనే మాటను తన 1970 నాటి పుస్తకంతో జనంలోకి తీసుకెళ్లిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్, తర్వాత కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి చూసి, అక్కడి గుంపు అంటే అమ్మానాన్న, పిల్లలు ఉన్న కుటుంబమేనని 1999లో రాశారు. తన పాత మాటను ఆయనే వెనక్కి తీసుకున్నాక కూడా మన ఊళ్లలో దాని పేరు చెప్పి కుక్కల మెడలు వంచుతున్నారు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాం. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం జంతువును కొట్టడం, అనవసరంగా నొప్పి పెట్టడం, మరీ పొట్టి గొలుసుతో మితిమీరి కట్టేసి ఉంచడం నేరం. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం గానీ, వాటిని లిఫ్టు ఎక్కనివ్వకుండా ఆపే అధికారం గానీ సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. మరోవైపు, తన జంతువు వల్ల మనుషులకు అపాయం కలగకుండా చూసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి కుక్కను వెళ్లగొట్టడమూ కుదరదు, గాలికి వదిలేయడమూ కుదరదు. మిగిలింది సరిగా నేర్పించడమే.

సరిగా నేర్పించడమంటే ఏమిటో చూద్దాం. తిండి ఆశ పెట్టి పని చేయించుకోవడమేగా అని చాలామంది తీసిపారేస్తారు. తిండి ముందు చూపిస్తే అది ఆశ పెట్టడం. పని అయ్యాక ఇస్తే జీతం. తేడా అంతా ఆ క్రమంలోనే ఉంది. మొదట ఒక చిన్న శబ్దాన్ని ఎంచుకోవాలి. నొక్కితే టక్కుమనే చిన్న పరికరం క్లిక్కర్ అయినా, "యస్" అనే పొట్టి మాట అయినా సరే. ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు ఆ శబ్దం చేసి, వెంటనే ఒక ముక్క పెట్టాలి. పది పదిహేనుసార్లకు శబ్దం వినగానే కుక్క తల తిప్పి చూస్తుంది. ఇక అప్పటి నుంచి ఆ శబ్దం "నువ్వు ఇప్పుడు చేసిందే నాకు కావాలి" అని చెప్పే గుర్తు. కుక్క పిర్ర నేలకు తగిలిన క్షణంలోనే శబ్దం రావాలి, ఆలస్యమైతే అది లేచి నిలబడ్డప్పుడు మెచ్చుకున్నట్టు అవుతుంది. కొత్తగా నేర్పేవాళ్లందరూ చేసే పొరపాటు ఒకటుంది. శబ్దం కంటే ముందే చెయ్యి సంచిలోకి పోతుంది. అప్పుడు కుక్క శబ్దాన్ని వదిలేసి చేతినే చూస్తూ కూర్చుంటుంది. సంచి కనిపించకపోతే మాట వినదు. "ముక్క ఉంటేనే వింటోంది" అనే ఫిర్యాదుకు సగం కారణం ఇదే. మిగతా సగం, చేతిలో ముక్క పట్టుకుని కూర్చోబెట్టడం మొదలుపెట్టి ఎప్పటికీ ఆపకపోవడం. అలా ముక్కతో దారి చూపించేది మూడు నాలుగుసార్లే. తర్వాత ఖాళీ చేత్తో అదే సైగ చేసి, పని అయ్యాక రెండో చేత్తో ముక్క ఇవ్వాలి.

ముక్క బఠాణీ గింజంత చాలు. ఉప్పు, మసాలా వేయకుండా ఉడికించిన చికెన్ అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. శాకాహార ఇళ్లలో పనీర్, ఉడికించిన చిలగడదుంప వాడవచ్చు. రోజు మొత్తం మీద తిండిలో పదో వంతు దాటకూడదు. 10 కిలోల కుక్కకు 40 గ్రాముల చికెన్ అనుకుంటే, సన్నగా తరిగితే 80 ముక్కల దాకా వస్తాయి. రెండు మూడు పాఠాలకు సరిపోతుంది. తీపి బిస్కెట్లు వద్దు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిపాయ విషంతో సమానం. పాఠం 3 నుంచి 5 నిమిషాలకు మించకూడదు. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగా చేస్తే కాస్త కష్టం పెంచాలి. ఐదుకు తగ్గితే మెట్టు దిగాలి. మొండికేసిందని మనం అనుకునే చాలా సందర్భాల్లో మెట్టు ఎత్తు ఎక్కువైందని అర్థం. ఇంట్లో కూర్చోమంటే కూర్చునే కుక్క సెల్లార్‌లో కూర్చోకపోతే అది తలపొగరు కాదు, సెల్లార్‌లో ఇంకా నేర్పలేదు.

ఇప్పుడు మీకు ఎక్కువ ఫిర్యాదులు తెచ్చే లిఫ్టు దగ్గరికి వద్దాం. మనుషులకు అది ఒక నిమిషం ప్రయాణం. కుక్కకు అది తప్పించుకునే దారి లేని పెట్టె. తలుపు తెరుచుకోగానే ఎదురుగా కొత్త మనిషో, ఇంకో కుక్కో ముఖంలో ముఖం పెట్టినట్టు నిలబడి ఉంటారు. అక్కడ గొలుసు గుంజితే ఏమవుతుందో పైన చెప్పాం.

నేర్పాల్సింది ముందు ఇంట్లో. అరచేయి కుక్క ముక్కుకు బెత్తెడు దూరంలో పెడితే అది వాసన చూడ్డానికి ముక్కుతో తాకుతుంది. తాకగానే శబ్దం, ముక్క. రెండు రోజుల్లో చెయ్యి ఎటు చూపిస్తే అటు వస్తుంది. లాగకుండా లిఫ్టు మూలకు తీసుకెళ్లడానికి ఇదొక్కటి చాలు. తర్వాత మధ్యాహ్నం జనం తక్కువ ఉన్నప్పుడు లిఫ్టు తలుపుకు నాలుగైదు మీటర్ల దూరంలో నిలబడాలి. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఒక ముక్క. లోపలికి వెళ్లే పనే లేదు. తలుపు చప్పుడుకు కుక్క మన ముఖంలోకి చూడటం మొదలుపెడితే దగ్గరికి జరగాలి. ఆ తర్వాత ఒకరు తలుపు తెరిచి పట్టుకుంటే లోపలికి వెళ్లి, ముక్క తిని, బయటికి వచ్చేయాలి. తర్వాత తలుపు మూసి తెరవాలి. తర్వాత ఒక్క అంతస్తు. తర్వాత తెలిసిన మనిషి ఒకరు ఎక్కి పక్కకు తిరిగి నిలబడాలి. ఒక్కో మెట్టుకు రెండు మూడు రోజులు పడుతుంది, పట్టనివ్వండి. లోపల కుక్క ఎప్పుడూ వెనక మూలలో, దానికీ తలుపుకూ మధ్య యజమాని. లోపల ఇంకో కుక్క ఉంటే ఎక్కకుండా తర్వాతి లిఫ్టుకు ఆగాలి.

ఒక హెచ్చరిక. పొడుగ్గా సాగే రీల్ లీష్‌ను లిఫ్టులో వాడనివ్వకండి. కుక్క లోపలికి దూకి, యజమాని ఫోను చూసుకుంటూ బయటే ఉండగా తలుపు మూసుకుంటే, లిఫ్టు కదిలాక ఆ తాడు మెడకు ఉరి అవుతుంది. 2 మీటర్ల మామూలు లీష్, ఛాతీ మీద బిగిసే హార్నెస్, తలుపు మూసుకునే ముందు ఇద్దరూ లోపలే ఉండాలన్న నియమం ఉంటే చాలు. ఇది మీ బోర్డు మీద రాయించాల్సిన విషయం. లిఫ్టు వెనక మూలలో నేల మీద ఒక స్టిక్కర్ వేయిస్తే కుక్కకూ గుర్తు, మనుషులకూ గుర్తు.

ఇక సెక్యూరిటీ సిబ్బంది సంగతి. దీన్ని ఎవరూ పట్టించుకోరు కానీ చాలా కుక్క కాట్లకు మూలం ఇక్కడే. చాలా కాంప్లెక్సుల్లో గార్డు చేతిలో కర్ర ఉంటుంది. కుక్క కనబడగానే కర్రను నేలకేసి టకటకా కొడతాడు. వీధి కుక్కలను తరమడానికి మొదలైన అలవాటు పెంపుడు కుక్కల దాకా వస్తుంది. దాంతో ఖాకీ చొక్కా, కర్ర చప్పుడు, ఆ మనిషి నడక అన్నీ కలిసి కుక్కకు శత్రువైపోతాయి. డ్యూటీ మారి కొత్త గార్డు వచ్చినా అదే చొక్కా చూసి మీద పడుతుంది.

దీన్ని సరిచేయడానికి గార్డుల సాయం కావాలి, అందుకు కమిటీ చెప్పాలి. గార్డు పది మీటర్ల దూరంలో పక్కకు తిరిగి, కుక్క కళ్లలోకి చూడకుండా నిలబడాలి. కర్ర నేల మీద పెట్టి ఉండాలి. గార్డు కనబడుతున్నంతసేపూ యజమాని ముక్కలు పెడుతూ ఉండాలి. కనుమరుగవగానే ఆపేయాలి. ఈ ఆపడం ముఖ్యం, గార్డు వస్తేనే మంచి జరుగుతుందని కుక్కకు అర్థమయ్యేది దానివల్లే. కుక్క ముక్క తీసుకోకపోతే, నోరు నాకుతుంటే, ఆవలిస్తే, కళ్ల తెల్లగుడ్డు కనబడేలా పక్కచూపులు చూస్తే, ఒళ్లు బిగబట్టి నిలబడితే దూరం చాల్లేదని లెక్క. ఇంకో ఐదు మీటర్లు వెనక్కి. తోక పైకెత్తి సన్నగా ఊపుతున్నంత మాత్రాన సంతోషంగా ఉందనుకోకండి, బిగిసిన ఒంటి మీద ఊగే తోక హెచ్చరికే. కొన్ని రోజులకు దూరం తగ్గించి, తర్వాత కర్ర చేతిలోకి, తర్వాత కర్రను కొంచెం కదిలించడం దాకా వెళ్లాలి. రెండు మూడు వారాల పని ఇది.

గార్డు చేత్తో తినిపిస్తే త్వరగా స్నేహం కుదురుతుందని యజమానులు తొందరపడతారు. వద్దు. భయపడే కుక్క ముక్క కోసం మెడ చాచి దగ్గరికి వస్తుంది. ముక్క నోట్లో పడ్డాక తల ఎత్తి చూస్తే మనిషి మీద మీదకే ఉన్నాడు. కరిచేది సరిగ్గా అప్పుడే. గార్డు ముక్కను కుక్క వెనక పడేలా విసరాలి. తిని వెనక్కి తిరిగేసరికి దానికి దూరం దొరుకుతుంది, మళ్లీ తనంతట తానే దగ్గరికి వస్తుంది.

మొరుగుడు ఫిర్యాదు రాగానే జరిమానా వేయకండి. మొదట యజమానిని ఒక పాత ఫోన్‌లో ఇంట్లో రికార్డింగ్ పెట్టమనండి. కారిడార్‌లో అడుగుల చప్పుడుకూ, కాలింగ్ బెల్‌కూ మొరిగి ఊరుకుంటే దాని దారి ఒకటి. తలుపు దగ్గర్నుంచి దాని చాపను లోపలి గదిలోకి మార్చాలి. ఫ్యాను చప్పుడు ఉండాలి. బెల్ శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, తక్కువ శబ్దంతో వినిపించి, వెంటనే చాప మీద నాలుగు ముక్కలు వేయాలి. కొన్నాళ్లకు బెల్ మోగితే చాప మీదికి పరిగెడుతుంది. డెలివరీ వాళ్లకూ హాయి. కానీ యజమాని వెళ్లిన కొద్ది నిమిషాల్లోనే ఊళ పెట్టడం, తలుపు గీకడం, చొంగ కార్చడం, నేల తడపడం కనిపిస్తే అది అల్లరి కాదు, ఒంటరితనపు భయం. దాన్ని శిక్షిస్తే భయం రెట్టింపవుతుంది. 5 సెకన్లు బయటికి వెళ్లి రావడం, తర్వాత 20, మళ్లీ 10, తర్వాత 40, ఇలా కుక్క ఆందోళన పడకముందే తిరిగి వస్తూ పెంచాలి. అరగంట దాకా చేరడమే కష్టం, తర్వాత వేగం అందుకుంటుంది. ఆ వారాల్లో దాన్ని ఒంటరిగా వదలకుండా పొరుగువాళ్ల దగ్గరో, డేకేర్‌లోనో ఉంచాలి. కమిటీ చేయాల్సింది, రాతపూర్వకంగా ఒక ప్రణాళిక తీసుకుని 6 నుంచి 8 వారాల గడువివ్వడం. మీ బ్లాకులో ఇంట్లో ఉండే పెద్దవాళ్లలో కుక్కలంటే ఇష్టమున్న వాళ్లను కలిపితే సగం సమస్య అక్కడే తీరుతుంది.

ఉన్నట్టుండి కుక్క స్వభావం మారితే ట్రైనర్ కంటే ముందు పశువైద్యుడి దగ్గరికి పంపండి. చెవిపోటు, కీళ్లనొప్పి, మన దగ్గర బాగా కనిపించే పిడుదుల జ్వరం, ఇవన్నీ ముట్టుకోగానే కసురుకునేలా చేస్తాయి. నొప్పితో ఉన్న కుక్కకు పాఠం ఎక్కదు.

కుక్కపిల్లల విషయంలో ఆరు నెలలు నిండాకే ట్రైనింగ్ అనే మాట నమ్మకండి. గొలుసు గుంజి నేర్పే కాలంలో, పిల్లల మెడలు తట్టుకోలేవని పెట్టుకున్న లెక్క అది. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా చూసినవీ విన్నవీ కుక్కకు జన్మంతా మామూలు విషయాలైపోతాయి. ఆ వయసులో టీకాలు పూర్తికావు, పార్వో అనే ప్రాణాంతక వైరస్ భయం ఉంటుంది కాబట్టి నేల మీద దించకుండా చేతుల్లో ఎత్తుకుని లాబీలో, గేటు దగ్గర పది నిమిషాలు కూర్చోనిస్తే చాలు. హెల్మెట్లు, గొడుగులు, చేతికర్రతో నడిచే తాతయ్యలు, చీపురుతో ఊడ్చే ఆయమ్మ, అందరూ కనబడాలి, ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క. లాబీలో కుక్కపిల్లను కూర్చోనివ్వని నియమం ఉంటే ఎత్తేయండి. ఈరోజు ఆ పది నిమిషాలు ఇవ్వకపోతే రెండేళ్ల తర్వాత లిఫ్టులో ఫిర్యాదుగా వస్తుంది.

పిల్లలకూ ఒక గంట క్లాసు పెట్టించండి. తింటున్న, నిద్రపోతున్న కుక్కను కదిలించకూడదు. యజమానిని అడగకుండా ముట్టుకోకూడదు. కుక్క వెంటపడితే పరిగెత్తకుండా, చేతులు ముడుచుకుని, నేల చూస్తూ చెట్టులా నిలబడిపోవాలి. ఎవరినైనా కరిస్తే సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి, ఎవరి కుక్క అయినా, ఎంత చిన్న గాటు అయినా.

ఆవరణలో ఉండే వీధి కుక్కలకూ ఈ సూత్రాలే వర్తిస్తాయి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వాటికి తిండి పెట్టే చోటు, వేళ నిర్ణయించాల్సింది సంఘమే. పిల్లలు ఆడేచోటికీ, మెట్లకూ, రాకపోకల దారులకూ దూరంగా ఒక మూల, రోజూ ఒకే వేళకు. అలా అలవాటైన కుక్కను టీకా కోసం పట్టుకోవడం తేలిక. కర్రతో తరిమిన కుక్క ఎవరికీ చిక్కదు, టీకా పడదు.

ఇక ట్రైనర్‌ని ఎంచుకోవడం. మాట్లాడుకునే ముందు కుక్క సరిగా చేస్తే ఏమిస్తారని, తప్పు చేస్తే సరిగ్గా ఏం చేస్తారని అడగండి. "కరెక్షన్", "లైట్ టచ్", "వైబ్రేషన్" లాంటి మాటలు వస్తే, ఆ పరికరాన్ని బల్ల మీద పెట్టి చూపించమనండి. క్లాసు మొత్తం యజమాని కళ్లెదుట జరగాలి. రెండు నెలలు మాకు వదిలేయండి, నేర్పి పంపుతాం అనే హాస్టళ్లను సిఫార్సు చేయకండి. అక్కడ ఏం జరిగిందో మీకు తెలియదు, అక్కడ నేర్చింది మీ ఇంట్లో, మీ లిఫ్టులో పనిచేస్తుందన్న నమ్మకమూ లేదు. లాన్‌లో పదిహేను కుక్కలను వరసగా నిలబెట్టే క్లాసు కూడా వద్దు. పక్క కుక్క మీదే ధ్యాస ఉన్నప్పుడు ఏదీ నేర్చుకోదు. ఒక ట్రైనర్‌కి నాలుగు నుంచి ఆరు కుక్కలు, మధ్య కనీసం మూడు నాలుగు మీటర్ల ఎడం. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున 7 లోపే ముగించాలి. చేతి వెనక భాగాన్ని నేల మీద 7 సెకన్లు ఉంచలేకపోతే కుక్క అరికాళ్లూ కాలతాయి.

మీ నియమావళిలో ఈ వాక్యం చేర్చమని అడుగుతున్నాం: "ఈ ఆవరణలో చోక్ చైన్, ముళ్ల కాలర్, షాక్ కాలర్, బెత్తం వాడి కుక్కలకు శిక్షణ ఇవ్వరాదు; అలా ఇచ్చే శిక్షకులకు గేటు పాసు ఇవ్వరు." వచ్చే జనరల్ బాడీ మీటింగులో ఓటుకు పెట్టండి. కుక్కలు లేని సభ్యులే ముందు దీన్ని బలపరచాలి. భయపడ్డ కుక్క పక్కన లిఫ్టులో నిలబడేది వాళ్లూ, వాళ్ల పిల్లలూనూ.

ఇంకొకటి, దీనికి తేదీ ఉంది. టపాసుల చప్పుడుకు కుక్కను అలవాటు చేయడానికి కనీసం 6 వారాలు పడుతుంది. రికార్డు చేసిన చప్పుడును కుక్క చెవి కదిపి ఊరుకునేంత సన్నగా వినిపించి, ప్రతి చప్పుడుకూ ఒక ముక్క పెడుతూ, రెండు మూడు రోజులకు ఒక మెట్టు చొప్పున శబ్దం పెంచాలి. బాగా భయపడే కుక్కలకు పశువైద్యుడు మందు రాయాల్సి రావచ్చు, దాన్ని కూడా పండగకు ముందే ఒకసారి వేసి చూసుకోవాలి. వినాయక చవితికీ దీపావళికీ మధ్య దాదాపు 8 వారాలు ఉంటుంది, చవితికి డప్పులూ డీజేలూ ఎలాగూ ఉంటాయి. కాబట్టి ఏ రోజు, ఏ వేళల్లో, ఏ మూల టపాసులు కాలుస్తారో నిర్ణయించి, కుక్కలున్న ఫ్లాట్లకు సర్క్యులర్ శ్రావణ మాసంలోనే పంపండి.

ఇట్లు,
బహుమతి పద్ధతుల్లో కుక్కలకు శిక్షణ ఇచ్చే కొందరు శిక్షకులు